పవర్ సీటు ఊగుతోందా? ఇంటి పార్కింగ్‌లోనే ఎలా సరిచేసుకోవాలో మొత్తం వివరంగా

పోయిన నెల అనంతపురం నుంచి బెంగళూరు వస్తుంటే పెనుకొండ దాటాక నాన్న ‘కాసేపు నేను తోల్తాలేరా’ అని స్టీరింగ్ తీసుకున్నాడు. బాగేపల్లి టోల్ దగ్గర బ్రేకు తొక్కగానే డ్రైవర్ సీటు (బటన్ నొక్కితే మోటర్‌తో జరిగే పవర్ సీటు మాది) కింద టక్‌మంది, గేటు లేచాక యాక్సిలరేటర్ తొక్కితే మళ్లీ టక్. ‘ఏంరా ఇది, ఊడే పన్ను మాదిరి ఊగుతాంది’ అన్నాడు. ఆ చప్పుడు ఎప్పట్నుంచో వస్తోంది గానీ మారతహళ్లి రోడ్ల మీద ఏ చప్పుడు దేనిదో ఎవరికి తెలుస్తుంది చెప్పండి, వెనక సీటు కింద నీళ్ల బాటిల్ దొర్లుతోందేమో అనుకుని వదిలేశా ఇన్నాళ్లూ.

సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ఒకాయన వచ్చి సీటు రెండు సార్లు ఊపి, మొత్తం ట్రాక్ అసెంబ్లీ (సీటు జరిగే పట్టాల సెట్టు) మార్చాలి సార్, లేబర్‌తో కలిపి 40 వేల పైన అవుతుంది అన్నాడు. సీటు కింద టార్చి కూడా వేసి చూడలేదు. నేను మెకానిక్‌ని కాదు, రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణే, కానీ చూడకుండా 40 వేలు అన్నారంటే నాకు ఎక్కడో కాలింది. ఒక ఆదివారం పొద్దున మా బావమరిదిని పిలిచి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనే విప్పి చూస్తే తేలిందేంటంటే, సగం రోగం ఫ్లోర్ బోల్టు ఒకటి వదులవడం, మిగతా సగం మోటర్ గేర్‌బాక్స్‌ని పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టు వదులవడం. అదనంగా పట్టాల్లో చెత్త. అంతే. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, అదీ సంగతి.

అందుకని నేను చేసిన వరస మొత్తం రాస్తున్నా. ఒక్క మాట మాత్రం ముందే చెప్తా, ఈ పనిలో కష్టమైన భాగం బిగించడం కాదు, ఆట (అంటే వదులు వల్ల వచ్చే కదలిక) ఎక్కడుందో కనిపెట్టడం. అది తేలకుండా స్పానర్ పట్టుకుంటే బాగున్న బోల్టులు కూడా కదిలించి కొత్త తలనొప్పి తెచ్చుకుంటారు.

మీరు ఈ పనికి దిగకూడని సందర్భాలు

కారు వారంటీలో ఉంటే ముట్టుకోకండి, వాళ్లతోనే చేయించండి, ఒప్పుకోకపోతే రాతపూర్వకంగా అడగండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి రీకాల్ (లోపం ఉందని కంపెనీయే కార్లని వెనక్కి పిలవడం) ఏమైనా ఉందేమో కూడా చూడండి, సీట్ల మీద రీకాల్స్ అప్పుడప్పుడూ వస్తుంటాయి, ఉంటే పని ఉచితం. డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు ముందే వెలుగుతూ ఉంటే, కారు పెద్ద యాక్సిడెంట్ అయి ఉంటే, సీటు ఫ్రేములో గానీ పట్టా బ్రాకెట్‌లో గానీ పగులు కనిపిస్తే, ఇంట్లో చేసే పని కాదు అది.

ఇంత భయపెట్టడం ఎందుకంటే సీటు అనేది కూర్చునే కుర్చీ మాత్రమే కాదు. చాలా కార్లలో సీట్ బెల్ట్ బకిల్ ఈ సీటుకే బిగించి ఉంటుంది, అంటే గుద్దుకున్నప్పుడు మీ బరువు లాగే బలంలో చాలా భాగం సీటు కింది పట్టాల మీదుగా, ఈ నాలుగు బోల్టుల మీదుగా ఫ్లోర్‌కి పోవాలి. కార్ల భద్రత కోసం అమెరికా వాళ్లు పెట్టిన ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 207 రూలు ప్రకారం సీటు దాని సొంత బరువుకి 20 రెట్లు బలంతో లాగినా ఊడి రాకూడదు. పవర్ సీటు బరువు సుమారు 25 నుంచి 35 కిలోలు వేసుకోండి, 20తో హెచ్చిస్తే ఎంతవుతుందో మీరే చూడండి. అందుకే ఇక్కడ ‘ఏదో అడ్జస్ట్ చేద్దాం’ అనే మాట పనికిరాదు.

సీటు కింద అసలు ఏముంటుంది

పైన పట్టా, కింద పట్టా, రెండు వైపులా ఒక్కో జత. కింది పట్టా ఫ్లోర్‌కి ముందు రెండు, వెనక రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. పై పట్టా సీటుతో పాటు జరుగుతుంది, మధ్యలో స్టీల్ గుండ్లు లేదా నైలాన్ ముక్కలు ఉంటాయి. మామూలు సీటులో అయితే కింద కడ్డీ లాగి జరుపుతాం. పవర్ సీటులో ఆ పని ఒక చిన్న మోటర్ చేస్తుంది, దాన్నుంచి రెండు వైపులా సన్నటి తిరిగే కేబుల్స్ పోయి రెండు చిన్న గేర్‌బాక్స్‌లని తిప్పుతాయి, అవి పొడుగాటి మరలున్న స్క్రూని తిప్పితే సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. అంటే మామూలు సీటులో లాక్ పళ్లు పట్టుకుని ఉండాల్సిన చోట ఇక్కడ స్క్రూ, దాని నట్టు పట్టుకుని ఉంటాయి. ఈ స్క్రూ గానీ గేర్‌బాక్స్ గానీ ఏదో ఒక చివర వదులైతే సీటు మొత్తం ఆ కాస్త ఖాళీలో ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, అదే మా నాన్నకి వినిపించిన టక్.

ఎత్తు పెంచే మోటర్ ఇంకోటి, వీపు వాల్చే మోటర్ ఇంకోటి, 8 రకాలుగా జరిగే సీట్లలో కుషన్ వంపుకి మరొకటి. ఇవి కాక పసుపు కనెక్టర్ ఉంటుంది, అది సైడ్ ఎయిర్‌బ్యాగ్‌ది, దాని గురించి తర్వాత గట్టిగా చెప్తా.

ఆట ఎక్కడుందో కనిపెట్టడం

దీనికి ఏమీ విప్పక్కర్లేదు. ఇంజిన్ ఆఫ్ చేసి, డోర్ తీసి, బయట మోకాళ్ల మీద కూర్చోండి. చాలామంది హెడ్‌రెస్ట్ పట్టుకుని ఊపుతారు, అది తప్పు, పైన ఊపితే ప్రతి సీటూ ఊగుతున్నట్టే ఉంటుంది. కుషన్ కింద గట్టి ఇనుప ఫ్రేము చేతికి తగులుతుంది, అది పట్టుకుని ముందుకీ వెనక్కీ తొయ్యండి. రెండో చేతి వేలు పై పట్టా, కింది పట్టా కలిసే సందు మీద పెట్టండి. కదలిక వేలికి తెలిసిపోతుంది, కంటికి కనపడని అర మిల్లీమీటరు కూడా వేలికి తెలుస్తుంది.

ఫోన్‌ని కార్పెట్ మీద పెట్టి టార్చి ఆన్ చేసి స్లో మోషన్‌లో వీడియో తీస్తూ ఇంకొకరు ఊపితే ఇంకా బాగుంటుంది, నాకు ఇదే పని చేసింది. ఆ వీడియోలో ఎడమ వైపు ముందు బోల్టు దగ్గర కింది పట్టా మొత్తం ఫ్లోర్ మీద జరుగుతోంది, కుడి వైపేమో పట్టా కదలట్లేదు గానీ గేర్‌బాక్స్ ఊగుతోంది. రెండు రోగాలు ఒకే చప్పుడు చేస్తుంటే చెవికి ఎలా తెలుస్తుంది?

ఇలా అర్థం చేసుకోండి. కింది పట్టాయే ఫ్లోర్ మీద కదులుతుంటే ఫ్లోర్ బోల్టు. కింది పట్టా కదలకుండా పైది మాత్రం ముందుకీ వెనక్కీ కదిలితే స్క్రూ, గేర్‌బాక్స్ లేదా వాటి బ్రాకెట్లు. పై పట్టా పక్కలకి, పైకీ కిందికీ ఆడుతుంటే పట్టాలు అరిగాయి. రెండు పట్టాలూ గట్టిగా ఉండి కుషన్ మాత్రం ఊగితే ఎత్తు పెంచే లింకుల బుష్‌లు (కీళ్లలో ఉండే చిన్న రింగులు). కింద ఏదీ కదలకుండా వీపు భాగం ఒక్కటే ఆడుతుంటే రిక్లైనర్ (వీపు వాల్చే మెకానిజం), అది ఇంట్లో బాగయ్యేది కాదు, అది సేఫ్టీ మెకానిజం, తీసి కొత్తది వేయించాల్సిందే.

ఇంకోటి, పవర్ సీటు అన్నాక కాస్త ఆట కొత్త కారులో కూడా ఉంటుంది. వీలైతే అదే మోడల్ ఇంకో కారులో ఊపి చూడండి. మా పై ఫ్లోర్‌లో ఒకాయనకి అదే కారు ఉంది, పొద్దున్నే పోయి ‘అన్నా మీ సీటు ఒకసారి ఊపుకోవచ్చా’ అని అడిగితే ఆయన మొహం చూడాల్సింది.

సామాను

సాకెట్ సెట్ (చాలా కార్లలో సీటు బోల్టు తల 13, 14 లేదా 17 సైజు, కొన్నిట్లో నక్షత్రం ఆకారంలో ఉండే టోర్క్స్ బిట్ కావాలి, టీ50 ఎక్కువగా చూస్తాం), పొడుగు ఎక్స్‌టెన్షన్, బ్యాటరీ టర్మినల్‌కి 10 నంబర్ స్పానర్, ప్లాస్టిక్ క్యాపులు లేపడానికి ప్లాస్టిక్ పట్టీ, నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా మరల మీద వేసే జిగురు), తెల్ల లిథియం గ్రీజు, పాత టూత్‌బ్రష్, వ్యాక్యూమ్, పాత దుప్పట్లు రెండు, పెయింట్ మార్కర్.

టార్క్ రెంచ్ (ఎంత బిగించాలో అంకె పెట్టుకుంటే అంతకి చేరగానే క్లిక్ అనే స్పానర్) లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టకండి. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో టూల్స్ షాపుల్లో మామూలుది దొరుకుతుంది, లేదంటే ఆన్‌లైన్‌లో, కొనడం ఇష్టం లేకపోతే తెలిసిన గ్యారేజీలో ఒక పూట అడిగి తెచ్చుకోండి. ‘చేతికి తెలుస్తుంది సార్’ అనేవాళ్లు ఉంటారు, ముప్పై ఏళ్లు చేసిన చేతికి తెలుస్తుందేమో, నా చేతికీ మీ చేతికీ తెలీదు. బోల్టులు, క్లిప్పులు కావాలంటే జేసీ రోడ్, అక్కడ కారు మోడల్, సంవత్సరం చెప్పి పాత బోల్టు చేతిలో పెడితే చాలు. శనివారమే వెళ్లి తెచ్చుకోండి, ఆదివారం చాలా షాపులు మూసేసి ఉంటాయి, సీటు విప్పి పార్కింగ్‌లో పెట్టుకుని సోమవారం దాకా కూర్చోవాలి.

థ్రెడ్ లాకర్ ఎర్రది కొనొద్దు, అది మళ్లీ విప్పాలంటే వేడి చేయాలి. నీలమే.

మొదటి దశ: విప్పకుండానే బోల్టులు చూడటం

సీటుని పూర్తిగా వెనక్కి జరపండి, ముందు బోల్టులు రెండూ కనిపిస్తాయి, ప్లాస్టిక్ క్యాపులు ఉంటే మెల్లగా లేపండి. తర్వాత పూర్తిగా ముందుకి జరిపితే వెనక బోల్టులు. ప్రతి బోల్టు తల చుట్టూ టార్చి వేసి చూడండి. బిగుతుగా ఉన్న బోల్టు చుట్టూ దుమ్ము సమానంగా పట్టి ఉంటుంది. వదులైన దాని చుట్టూ మాత్రం పెయింట్ పోయి ఇనుము మెరుస్తూ ఉంటుంది, మా కారులో ఎడమ ముందు బోల్టు కింద అర్ధచంద్రాకారంలో తళతళలాడుతూ ఒక గీత కనిపించింది, వేలు పెడితే నల్లటి పొడి అంటుకుంది. ఇనుము ఇనుముని రుద్దుకుని రాలిన పొడి అది. మిగతా మూడు బోల్టుల దగ్గర అలాంటిదేమీ లేదు.

ఇలా కనిపిస్తే టార్క్ రెంచ్‌ని మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెకి పెట్టి బిగించి చూడండి. చాలా కార్లలో ఇది 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల (బిగింపు బలానికి కొలత) మధ్య ఉంటుంది గానీ మీ మాన్యువల్‌లో ఉన్నదే ఫైనల్, ఊహించి పెట్టొద్దు. రెంచ్ క్లిక్ అనే లోపు బోల్టు తిరిగితే అది వదులుగా ఉన్నట్టే. మాది పావు చుట్టు పైనే తిరిగింది.

దొరికిందిగా అని అలాగే బిగించి వదిలేయకండి. ఆ ఒక్క బోల్టు పూర్తిగా తీసి, మరలు టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, వంగిందేమో, మర అరిగిందేమో చూసి, బాగుంటే రెండు చుక్కల థ్రెడ్ లాకర్ వేసి మళ్లీ చేత్తో ఎక్కించి తర్వాత టార్క్ పట్టండి. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే మరల మీద జిగురు పూసి ఇస్తాయి, ఒకసారి విప్పాక కొత్త బోల్టే వేయమంటాయి, అలాంటిదైతే కొత్తదే వేయండి, బోల్టు దగ్గర పిసినారితనం వద్దు. ఒకేసారి ఒక్క బోల్టే తీయాలి, నాలుగూ వదిలిస్తే సీటు పక్కకి జరిగి రంధ్రాలు కలవక చెమటలు పడతాయి. అదనపు వాషర్లు దూర్చొద్దు. సీట్ బెల్ట్ బకిల్ బోల్టు దగ్గరలోనే ఉంటుంది, దాని జోలికి పోవద్దు. ఫ్లోర్ కింద వెల్డ్ చేసిన నట్టే బోల్టుతో పాటు గిర్రున తిరుగుతుంటే అక్కడితో ఆపేసి బాడీ షాపుకి తీసుకెళ్లండి.

చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది. ఊపి చూడండి, ఆట పోతే పండగ చేసుకోండి, కింద రాసిందంతా మీకు అక్కర్లేదు.

రెండో దశ: సీటు లేపడం

మాకు సగం ఆట మిగిలింది, కాబట్టి సీటు లేపాల్సి వచ్చింది. ఇక్కడ వరస చాలా ముఖ్యం. పవర్ సీటు కరెంట్ ఉంటేనే జరుగుతుంది, బ్యాటరీ తీసేశాక ‘అయ్యో వెనక బోల్టులు కనిపించట్లేదే’ అంటే లాభం లేదు. కాబట్టి కరెంట్ ఉండగానే సీటు వెనక్కి జరిపి ముందు బోల్టులు రెండూ తీయండి, ముందుకి జరిపి వెనకవి రెండూ తీయండి, తర్వాత సీటుని మధ్యకి తెచ్చి, వీపు భాగం నిటారుగా పెట్టి, ఎత్తు పూర్తిగా పైకి లేపండి, కింద చేయి దూరడానికి చోటు వస్తుంది. బోల్టులు తీసేసిన సీటుని జరిపేటప్పుడు దాని మీద ఎవరూ కూర్చోకూడదు, చేత్తో పట్టుకుని కొంచెం కొంచెంగా జరపండి.

ఇప్పుడు డ్రైవర్ వైపు అద్దం దించి, ఇగ్నిషన్ ఆఫ్ చేసి, తాళం జేబులో వేసుకుని, బ్యాటరీ నెగటివ్ టర్మినల్ తీసి గుడ్డతో చుట్టి పక్కన పెట్టండి. తర్వాత కనీసం 10 నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో కరెంట్ నిల్వ ఉంచే కెపాసిటర్ ఉంటుంది, బ్యాటరీ తెగినా కాసేపు ఎయిర్‌బ్యాగ్ పేల్చగలదు, గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగినా పని చేయాలి కదా అందుకని పెడతారు. అది ఖాళీ అవ్వాలి. మేము ఆ పది నిమిషాల్లో పైకి పోయి టీ తాగొచ్చాం.

చాలా పనులకి సీటు కారులోంచి బయటకి తీయక్కర్లేదు, వైర్లు అలాగే ఉంచి వెనక్కి వాల్చి వెనక సీటుకి ఆనిస్తే చాలు, అడుగు మొత్తం కనిపిస్తుంది. వాల్చేటప్పుడు వైర్లు సాగకుండా ఒకరు కింద టార్చి వేసి చూస్తూ ఉండాలి. పట్టాల చివరలు కత్తుల్లా ఉంటాయి, డోర్ గడప మీద, పక్క ప్లాస్టిక్ మీద దుప్పటి కప్పండి, లేకపోతే సీటు బాగవుతుంది గానీ గీత జన్మంతా మిగులుతుంది.

బయటకి తీయాల్సి వస్తే అప్పుడు కనెక్టర్లు. ముందు ఫోటోలు తీయండి, నాలుగైదు వైపుల నుంచి. ఒంట్లో స్టాటిక్ పోవడానికి డోర్ దగ్గర బోడి ఇనుము తాకి తర్వాత పసుపు కనెక్టర్ ముట్టుకోండి, దానికి లాక్ ఉంటుంది, ఆ లాక్ జరిపాకే లాగాలి, వైరు పట్టుకుని లాగకూడదు. మల్టీమీటర్ పసుపు వైర్లకి తాకించడం అనే ఆలోచనే రానివ్వకండి, మీటర్ ఇచ్చే చిన్న కరెంట్ కూడా ఎయిర్‌బ్యాగ్‌ని పేల్చే ఇగ్నైటర్‌కి ప్రమాదమే. పసుపు కనెక్టర్ ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే డ్యాష్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వచ్చి కూర్చుంటుంది, తర్వాత కనెక్టర్ పెట్టినా చాలా కార్లలో పోదు, స్కానర్ పెట్టి తీయించాలి. మా బావమరిది సరిగ్గా ఆ టైములో ‘బావా, బోర్ కొడుతోంది, పాటలు పెట్టనా’ అని స్టార్ట్ బటన్ మీద వేలు పెట్టాడు. బ్యాటరీ తీసి ఉంది కాబట్టి సరిపోయింది గానీ నేను అరిచిన అరుపుకి వాచ్‌మన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. తాళం జేబులో వేసుకోమని ఊరికే రాయలేదు.

సీటు ఇద్దరు పట్టాలి. హెడ్‌రెస్ట్ ముందే తీసేయండి. పట్టుకునేది ఇనుప ఫ్రేము, ప్లాస్టిక్ కాదు.

మూడో దశ: అడుగున ఏం చూడాలి

ముందు చెత్త. మాకు దొరికినవి: రూపాయి బిళ్లలు రెండు, పెన్ను క్యాపు, మా పాప క్రేయాన్, కుడి పట్టాలో సరిగ్గా స్క్రూ పక్కన తిరుపతి లడ్డులోని కలకండ ముక్క ఒకటి, చీమలకి కూడా లొంగకుండా రాయి అయిపోయి. నవ్వుకున్నాం గానీ పట్టాలో ఇలాంటిది అడ్డం పడితే ఒక వైపు ఆగి ఇంకో వైపు జరుగుతుంది, కేబుల్ మీద, గేర్ మీద బరువు పడుతుంది, అక్కణ్ణుంచే చాలా రోగాలు మొదలవుతాయి. వ్యాక్యూమ్, తర్వాత టూత్‌బ్రష్, తర్వాత పొడి గుడ్డ. తుప్పు వదిలించే స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేస్తే ఉన్న గ్రీజు కూడా కడుక్కుపోతుంది, కొడితే తుడిచేయండి.

తర్వాత గేర్‌బాక్స్‌లు. రెండు వైపులా చిన్న డబ్బాల్లా ఉంటాయి, వాటిని పట్టాకి కలిపే బ్రాకెట్ బోల్టుని వేళ్లతోనే తిప్పి చూడండి. మా కుడి వైపుది 10 నంబర్ బోల్టు, వేళ్లతో అర చుట్టు తిరిగింది. రెండో రోగం అదే. తీసి, శుభ్రం చేసి, థ్రెడ్ లాకర్ వేసి బిగించాం. ఇది చిన్న బోల్టు, ఫ్లోర్ బోల్టు టార్క్ దీనికి పెట్టకండి, విరిగి లోపల ఉండిపోతుంది. బ్రాకెట్ పక్కన రబ్బరు లేదా ప్లాస్టిక్ బుష్ ఉంటే పగిలిందేమో చూసి మార్చండి.

ఇప్పుడు కొలత. టేపు తీసుకుని కింది పట్టా చివర నుంచి పై పట్టా చివర దాకా రెండు వైపులా కొలవండి. రెండూ ఒకటే ఉండాలి, మిల్లీమీటరు అటూ ఇటూ పర్లేదు. బాగా తేడా ఉంటే సీటు వంకరగా జరుగుతోందన్నమాట, కేబుల్ ఒకటి జారింది లేదా చివర అరిగింది. కేబుల్ ఒక వైపు లాగేసి చూస్తే లోపల నాలుగు పలకల కడ్డీ ఉంటుంది, పలకలు గుండ్రంగా అరిగిపోయి ఉంటే కేబుల్ మార్చాల్సిందే. బాగుంటే, వెనకబడిన వైపు స్క్రూని చేత్తో తిప్పుతూ రెండు కొలతలూ కలిసే దాకా తెచ్చి కేబుల్ మళ్లీ ఎక్కించండి. ఓపికతో చేయాల్సిన పని ఇది, తొందరపడి బాగా తేడా వదిలేస్తే ఫ్లోర్ రంధ్రాలు కలవవు.

మోటర్ చచ్చిపోయి సీటు జరగక బోల్టులే కనిపించకపోతే, ముందు ఫ్యూజ్ చూడండి, సీటుది సాధారణంగా 30 ఆంపియర్లది. ఫ్యూజ్ బాగుంటే మోటర్ కనెక్టర్ ఒక్కటే విప్పి, ఫ్యూజ్ పెట్టిన వైరుతో 12 వోల్టులు నేరుగా మోటర్‌కి ఇచ్చి జరపొచ్చు. రెండు లావు వైర్లకే ఇవ్వాలి, సన్న వైర్లు సెన్సర్‌వి, వాటికి ఇస్తే సెన్సర్ పోతుంది. పసుపు దేనికీ ఇవ్వకూడదు అని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా.

పట్టాలే పక్కలకి ఆడుతుంటే బాధగానే ఉంటుంది కానీ ఇంట్లో దారి లేదు. పై పట్టా అంచులు ప్లయర్‌తో నొక్కి బిగుతు చేయడం, సందులో రబ్బరు ముక్క దూర్చడం, వెల్డింగ్ షాపులో రెండు టాకాలు వేయించడం, ఈ మూడూ నాకు ఎవరో ఒకరు సలహా ఇచ్చినవే. వెల్డింగ్ వేడికి గట్టి స్టీలు మెత్తబడుతుంది, పైన కొన్ని అంగుళాల దూరంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. కొత్త ట్రాకే వేయండి. శివాజీనగర్ గుజరీలో పాత ట్రాక్ చవకగా దొరుకుతుంది నిజమే, కానీ అది ఏ యాక్సిడెంట్ కారుదో, గుద్దుకున్నప్పుడు ఎంత వంగిందో ఎవరు చెప్తారు? డోర్ హ్యాండిల్, అద్దం అయితే నేనూ అక్కడే కొంటా, సీటు ట్రాక్ మాత్రం కొనను.

చివరగా గ్రీజు. శుభ్రమైన పట్టాల లోపల సన్నగా ఒక పొర, స్క్రూ మీద ఇంకా సన్నగా. ఎక్కువ పూస్తే మన రోడ్ల దుమ్మంతా అందులో ఇంకి ఉప్పుకాగితంలా తయారవుతుంది.

నాలుగో దశ: తిరిగి పెట్టడం

సీటు దించేటప్పుడు కింద వైర్లు పట్టా కింద నలగకుండా చూడండి, నలిగిన వైరు ఆర్నెల్ల తర్వాత షార్ట్ అయి ఏడిపిస్తుంది. కనెక్టర్లు విప్పి ఉంటే అన్నీ ముందు పెట్టండి, పసుపు దాని లాక్ క్లిక్‌మనే దాకా. ఫోటోతో పోల్చండి. అన్నీ పెట్టాకే బ్యాటరీ నెగటివ్ కలపండి, అంతకంటే ముందు కాదు.

ఇప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేయండి. ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదు, ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ తీసి, మళ్లీ ఆ పది నిమిషాలు. మాకు మొదటిసారే ఆరింది, ఆ కొన్ని సెకన్లు ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.

నాలుగు బోల్టులూ చేత్తో ఎక్కించండి. మొదటి మూడు చుట్లు వేళ్లతో తేలిగ్గా తిరగాలి, బిగుసుకుంటే మర అడ్డంగా ఎక్కుతున్నట్టు, విప్పి మళ్లీ మొదలుపెట్టండి. సీటు వెనక్కి పెట్టి ముందు రెండూ టార్క్, ముందుకి పెట్టి వెనక రెండూ టార్క్, మాన్యువల్‌లో వేరే వరస ఉంటే దాని ప్రకారం. తర్వాత సీటుని ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు మూడు సార్లు నడపండి, ఎక్కడా ఆగకుండా, వంకర పోకుండా పోవాలి. మెమరీ ఉన్న సీట్లలో చివరికి వచ్చాక బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లిమిట్ మళ్లీ గుర్తుపట్టుకునేవి ఉన్నాయి. పవర్ విండోల ఆటో సౌకర్యం (ఒక్క నొక్కుకే అద్దం పూర్తిగా పోవడం) కూడా పోయి ఉండొచ్చు, అద్దం పూర్తిగా పైకి లేపి బటన్ కాసేపు పట్టుకుంటే చాలా కార్లలో వచ్చేస్తుంది.

వేలు మళ్లీ ఆ సందు మీద పెట్టి ఊపి చూడండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని 20 కిలోమీటర్ల స్పీడులో బ్రేకు గట్టిగా రెండు సార్లు. మేము పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే రెండున్నర అయ్యింది, దాంట్లో గంట అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘పార్కింగ్‌లో గ్యారేజీ పెట్టారా’ అన్నవాళ్లకి సమాధానం చెప్పడానికే పోయింది. బెళ్లందూరు వైపు పోయే రోడ్డులో హంపుల మీద పోనిచ్చా, చప్పుడు లేదు. ఉన్నట్టుండి వెనక నీళ్ల బాటిల్ దొర్లిన చప్పుడు వినిపించింది, ఈసారి నిజంగా బాటిలే.

ఒక్క పని మర్చిపోకండి. టార్క్ పట్టిన ప్రతి బోల్టు తల మీద నుంచి పక్కన పట్టా మీదకి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీసి క్యాపులు పెట్టండి. నెల తర్వాత కారు కడిగేటప్పుడు క్యాపు లేపి చూస్తే గీత నిటారుగా ఉందంటే బోల్టు కదల్లేదు, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. గీత విరిగిందంటే మళ్లీ విప్పి, ఈసారి కొత్త బోల్టు వేయాలి. మావి నాలుగూ పోయిన ఆదివారం చూశా, గీతలు గీసినట్టే ఉన్నాయి.